ఏళ్లుగా వాడుతున్న సెర్చ్ యాప్: అడగడం తేలిక, చేరడమే కష్టం

ఫోన్లు మారాయి, నంబర్లు కూడా మారాయి, సెర్చ్ యాప్ మాత్రం అదే. ఫోన్‌తో పాటే వస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ పనిగట్టుకుని రివ్యూ రాయరు. పేరెందుకులెండి, చాలామంది ఫోన్లలో ఉండే రకమే. ఇన్నేళ్ల వాడకం తర్వాత ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్రశ్న వేయడం ఏటికేడు తేలికైపోతోంది, జవాబు దాకా వెళ్లడం ఏటికేడు కష్టమవుతోంది.

మొదట్లో నేను వాడిన టచ్ ఫోన్‌ది రెసిస్టివ్ తెర. పైపొర వంగి కింది పొరకు తగిలితేనే పనిచేసేది. వేలి కొసతో లాభం లేదు, గోటితో గట్టిగా నొక్కాలి, లేదా ఫోన్ పక్కన దోపి ఉన్న స్టైలస్ బయటికి లాగాలి. నాలుగు అక్షరాలు కొట్టేసరికి వెతకాలన్న ఉత్సాహమే చచ్చిపోయేది. 2007లో ఐఫోన్ కెపాసిటివ్ తెరతో వచ్చాక ఆ గొడవ తీరింది. వేలు తగలగానే గాజు కింద విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును అది పసిగడుతుంది, నొక్కక్కర్లేదు. (చేయి తడిగా ఉంటే ఇప్పటికీ తిక్క వేషాలు వేస్తుంది, అది వేరే సంగతి.) మరుసటి ఏడాది వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1కి టచ్ తెర ఉన్నా, జరిపితే బయటికొచ్చే కీబోర్డు కూడా పెట్టారు. గాజు మీద టైపింగ్‌ను అప్పటికి తయారీదారులే పూర్తిగా నమ్మలేదన్నమాట.

ఆ తర్వాత టైప్ చేసే అవసరమే తగ్గుతూ వచ్చింది. గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు 2017లో వచ్చింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో నింపాదిగా అడిగితే నాకు తప్పులు పెద్దగా రావు. వాక్యం మధ్యలో ఇంగ్లిష్ మోడల్ పేరో, మందు పేరో వచ్చిందంటే మాత్రం తడబడుతుంది. అప్పుడు మళ్లీ కీబోర్డే గతి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది కెమెరా. 2009లో వచ్చిన గూగుల్ గాగుల్స్ పుస్తకాల అట్టలు, లోగోలు, పేరున్న కట్టడాల వరకు గుర్తుపట్టేది. 2017లో గూగుల్ లెన్స్ వచ్చాక కథ మారింది. వైఫై రౌటర్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో పాస్‌వర్డ్ ఉంటుంది చూడండి, సున్నానో ఓ అక్షరమో తేలనిది. దాన్ని ఫొటో తీసి, అక్షరాల మీద వేలు జరిపి, కాపీ చేసి పేస్ట్ చేస్తాను. సున్నాను ఒకసారి సరిచూసుకుంటే చాలు. 2024లో వచ్చిన సర్కిల్ టు సెర్చ్ ఇంకో అడుగు ముందుకేసింది. తెర మీద కనిపిస్తున్న దాని చుట్టూ వేలితో గీస్తే అక్కడే వెతికిపెడుతుంది.

ఇక రెండో సగం. పేజీ తెరుచుకోగానే మొదటి తెరంతా ప్రకటనలే. అసలు లింకు కోసం బొటనవేలితో కిందికి తోసుకుంటూ పోవాలి. అది కనబడిందని నొక్కబోతుంటే, సరిగ్గా అదే క్షణంలో పైన ఇంకో ప్రకటన లోడై పేజీ మొత్తం కిందికి జారుతుంది, వేలు పోయి దాని మీద పడుతుంది. కస్టమర్ కేర్ నంబర్ల కోసం నేను సెర్చ్ వాడటం మానేశాను. పైన కనిపించే నంబరు కంపెనీదో మోసగాళ్లదో చెప్పలేం, నేరుగా కంపెనీ సైట్‌కే వెళ్తాను. ఈమధ్య పైనే ఏఐ సారాంశం ఒకటి వస్తోంది. కేబుల్ రకాల మధ్య తేడా లాంటివాటికి బాగానే ఉంది. మందు మోతాదు, డబ్బు విషయాల్లో లింకు తెరిచి చదవకుండా నమ్మను.

సెర్చ్ పెట్టె పైన ఉండటం ఇంకో చికాకు. తెరలు ఆరంగుళాలు దాటాక ఒంటి చేత్తో అక్కడికి బొటనవేలు అందదు. యాపిల్ 2021లో ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో అడ్రస్ బార్‌ను కిందికి దించింది, మిగతావాళ్లు అదైనా చూసి నేర్చుకోవచ్చు.

ఇన్ని తిట్టుకుంటూ ఎందుకు వాడుతున్నట్టు? ముందే పెట్టి ఇచ్చింది కాబట్టి. ఆ 'ముందే పెట్టి ఇవ్వడం' విలువ ఎంతో అమెరికా కోర్టు కేసులో బయటపడింది. సఫారీలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ ఒక్క 2022లోనే యాపిల్‌కు సుమారు 2,000 కోట్ల డాలర్లు చెల్లించింది. మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోం అన్న ధీమాకే అంత ఖరీదు! ఆ ధీమా తప్పనడానికి నా దగ్గర ఆధారం లేదు. వెతికినవి దాచుకోనని చెప్పే మరో సెర్చ్ ఇంజిన్ డక్‌డక్‌గోను పక్కన పెట్టుకున్నాను, ఆరోగ్యం గురించి వెతికేటప్పుడు అదే తెరుస్తాను, మిగతావన్నీ పాతదానిలోనే.

కొత్తగా వాడేవాళ్లకు రెండు మాటలు. పెట్టె నొక్కగానే దిగే ట్రెండింగ్ జాబితాను సెట్టింగ్స్‌లో ఆపేయండి. లేకపోతే ఏదో వెతుకుదామని తెరిచి, ఎవరి విడాకుల గురించో చదువుతూ కూర్చుంటారు. వెతికినవాటి చరిత్ర మూడు నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టండి. కెమెరాకు అయిదుకు నాలుగున్నర, వాయిస్‌కు మూడున్నర, ఫలితాల పేజీకి రెండు.