పాత నగ కొనడానికి బెజవాడ వెళ్తే

రోజు రేటు ప్రతి కొట్టువాడి సెల్‌లోనూ ఉంటుంది కాబట్టి బంగారం చవగ్గా దొరకదు. గ్రాము రేటుకంటే తక్కువకు ఎవరైనా ఇస్తానంటే అది బంగారమైనా కాకపోవాలి, అతని సొంతమైనా కాకపోవాలి. పాత నగ కొనేవాడికి ఆదా అయ్యేది మజూరీ, తరుగు మాత్రమే. కొత్త నగ మీద ఈ రెండూ కలిపి పది నుంచి ఇరవై శాతం దాకా లాగుతాయి. పాత నగను కొట్టువాడు కరిగించే లెక్కన తీసుకుంటాడు. కొలిమికి పోకముందే అడిగితే చేతిపని దాదాపు ఊరికే వస్తుంది. వెండిలో, కంచులో ఈ లాభం ఇంకా ఎక్కువ.

బందరు రోడ్డు షోరూముల్లో యాంటిక్ అని అమ్మేవి కొత్త నగలే, మెరుపు తగ్గించి పాతవాటిలా కనిపించేట్టు చేస్తారు. మజూరీ మామూలు నగకంటే ఎక్కువే వేస్తారు. నిజంగా పాతది కావాలంటే వన్‌టౌన్ వెళ్ళాలి. రైల్వేస్టేషన్ తారాపేట వైపు దిగితే దగ్గర. సామారంగం చౌక్, శివాలయం వీధి చుట్టుపక్కల సందుల్లో చిన్న కొట్లు చూడండి. అద్దాల బీరువాలో ఉన్నవాటిని వదిలేసి, "కరిగించడానికి పెట్టిన సామాను ఏమైనా ఉందా?" అని అడగాలి. అరవంకీలు, మాటీలు, జడకుప్పెలు, కాలి కడియాలు, వెండి కుంకుమభరిణెలు బయటికొచ్చేది ఆ డబ్బాల్లోంచే. ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో వెళ్తే సేటుకు తీరిక ఉంటుంది. సాయంత్రం రద్దీలో డబ్బా ఎవరూ తీయరు.

మోసం ఎక్కువగా జరిగేది తూకంలో. పాత మురుగులు, కడియాలు, గుండ్లు లోపల బోలుగా ఉండి లక్క పోసి ఉంటాయి. రాళ్ళ నగలకు రాయి వెనకా లక్కే. మొత్తం బరువుకు బంగారం రేటు కట్టారంటే లక్కను బంగారం ధరకు కొన్నట్టే. బిల్లులో మొత్తం బరువు, రాళ్ళూ లక్కా పోగా నికర బరువు, క్యారెట్ విడివిడిగా రాయించుకోవాలి. పాత చేతిపని నగలో అతుకులు ఎక్కువ, అతుకు లోహం తక్కువ రకం. అందుకని గీటురాయి మీద 22 క్యారెట్లు చూపించినది కరిగిస్తే తగ్గుతుంది. క్యారెట్ మీటరు పై పొరనే చదువుతుంది, మందంగా పూత పూసినదాన్ని పట్టుకోలేదు. అనుమానం ఉంటే హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించొచ్చు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, అంతకు మించితే ఒక్కోదానికి 45, పన్ను అదనం. 2023 ఏప్రిల్ 1 నుంచి కొట్టువాడు అమ్మే నగకు ఆరక్షరాల హెచ్‌యూఐడీ (నగ మీద చెక్కే హాల్‌మార్క్ గుర్తింపు కోడు) ఉండి తీరాలి. రెండు గ్రాముల లోపువాటికి, రాళ్ళు పొదిగే కుందన్, జడావు పనికి మినహాయింపు ఉంది. పాత నగలో ఎర్రరాళ్ళు కనబడగానే గని కెంపులని మురిసిపోవద్దు. ఫ్యాక్టరీ కెంపు 1900ల తొలి ఏళ్ళ నుంచీ ఉంది. పదింతల భూతద్దంలో వంపు గీతలు, గాలిబుడగలు కనిపిస్తే అదే.

వెండికి ఇంకో పరీక్ష ఉంది. 0.01 గ్రాము చూపే చిన్న కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. ముంచకముందు తూచిన బరువును అప్పుడు కాటా చూపిన అంకెతో భాగించాలి. మేలిమి వెండికి 10.5, వెండే లేని జర్మన్ సిల్వర్‌కూ ఇత్తడికీ 8.5 దగ్గర, 22 క్యారెట్ల బంగారానికి 17.7 ప్రాంతం వస్తుంది. లక్క ఉన్న వస్తువుకు ఈ లెక్క పనికిరాదు. బ్రిటిష్ రూపాయి బిళ్ళ బరువు 11.66 గ్రాములు. అది నీళ్ళలో 1.13 చూపిస్తే (10.3 వస్తుంది) సరైన 91.7 శాతం వెండి. 1940 నుంచి 1945 దాకా వేసిన బిళ్ళల్లో వెండి సగమే, 1947వి నికెల్. తేదీ చూడకుండా అన్నిటికీ ఒకే ధర ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇత్తడి, కంచు సామాను కిలో లెక్కన దొరుకుతుంది. గంగాళం, మరచెంబు, అడకత్తెర లాంటివి తీసుకునేముందు అయస్కాంతం ఆనించి చూడాలి. ఇనుము మీద పూత ఉంటే అంటుకుంటుంది. కంచును వేలితో కొడితే చాలాసేపు మోగుతుంది, బీట ఉంటే బొంగురుపోతుంది. మాటు వేసిన పాత్రలో సీసం ఉండొచ్చు, వంటకు పనికిరాదు.

ఎంత చవకైనా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పులిగోరు గొలుసులు, దంతపు దువ్వెనలు, దంతపు పాచికలు కొనడం వన్యప్రాణి చట్టం కింద నేరం. వందేళ్ళు దాటిన విగ్రహాలు, 75 ఏళ్ళు దాటిన తాళపత్రాల్లాంటివి 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. "మా అమ్మమ్మది, అర్జెంటు" అంటూ రోడ్డు మీద కలిసేవాడి దగ్గర అసలే వద్దు. దొంగసొత్తని తేలితే పోలీసులు రికవరీకి వస్తారు, నగా పోతుంది, డబ్బూ పోతుంది.

ఒక్క పూటే తీరిక ఉంటే గుంటూరులో లాలాపేట, పట్నం బజారు చాలు. వెరైటీ తక్కువే గానీ బేరం తీరిగ్గా సాగుతుంది, ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి బెజవాడ తిరిగి రావచ్చు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి కవరింగ్ నగలకు పేరు. మోడల్ నచ్చితే కవరింగ్ అని తెలిసే కొనుక్కోండి. అయితే పాతబడిన చిలకలపూడి నగలు పాత బంగారం పేరుతో తిరుగుతుంటాయి. కొక్కెం దగ్గర, రింగులు రాసుకునే చోట పూత అరిగి రాగి తేలిందేమో చూడాలి.

బసకు వన్‌టౌన్ లాడ్జీలు చవకే, కానీ సందులు ఇరుకు, కారుకు చోటుండదు. గాంధీనగర్ నయం. స్టేషన్, గవర్నర్‌పేట నడిచే దూరంలో ఉంటాయి. రైల్లో వచ్చేవాళ్ళకు స్టేషన్ రిటైరింగ్ రూములూ ఉన్నాయి, ఐఆర్‌సీటీసీలో ముందుగా తీసుకోవాలి. కొనుగోలు చివరి రోజుకు పెట్టుకుంటే నగను లాడ్జి గదిలో ఉంచే బెడద ఉండదు. ఆదివారం వన్‌టౌన్‌లో చాలా కొట్లు మూసే ఉంటాయి. దసరా రోజుల్లో దుర్గగుడి రద్దీకి దారులు మళ్ళిస్తారు, అప్పుడు మానుకుంటేనే మంచిది.