బెడ్‌పాన్ వాషర్: పద్నాలుగు నెలలు వాడిన సిస్టర్ మాట

హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వార్డ్ ఇన్‌ఛార్జిని. మెడికల్, ఆర్థో కలిసిన వార్డు, 32 పడకలు. ఎప్పుడు చూసినా పది పన్నెండు మంది మంచం దిగలేనివాళ్లే. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, డయాలసిస్‌తో నీరసించినవాళ్లు. మా డర్టీ యుటిలిటీ రూమ్‌లో, అంటే మురికి సామాను కడిగే గదిలో, బెడ్‌పాన్ వాషర్ పెట్టి పద్నాలుగు నెలలైంది. మంచం మీదే మలమూత్రాలకి వాడే బెడ్‌పాన్‌లని కడిగి, వేడితో క్రిముల్ని చంపే మిషన్ ఇది. కొనే ముందు మా ఎండీ గారు "సిస్టర్, దీనికి ఇన్ని లక్షలా? బెడ్‌పాన్ కడగడానికా?" అన్నారు. ఆ మాట ఇంకా చాలా ఆసుపత్రుల్లో వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. మంచితో పాటు చెడూ రాయాలి, దానికి పేరెందుకు?

మిషన్ రాకముందు సంగతి ఏ సిస్టర్‌ని అడిగినా ఒకటే చెబుతుంది. ఆయమ్మ బెడ్‌పాన్ మీద పాత పేపరు కప్పి, కారిడార్ చివరి బాత్రూమ్ దాకా మోసుకెళ్లి, కమోడ్‌లో వంచి, హెల్త్ ఫాసెట్‌తో గట్టిగా కొట్టేది. తుంపర్లు గోడ మీద, చీర కుచ్చిళ్ల మీద, ఒక్కోసారి మొహం మీద. ఆ తర్వాత ఒక శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ మందు) కలిపిన టబ్బులో అరగంట నానబెట్టడం. అరగంట అని పేరుకే. పక్క బెడ్ పేషెంటు బెల్లు కొడుతుంటే పది నిమిషాలకే తీసేవాళ్లు. పైగా మురికి సరిగా పోని పాన్‌ని ముంచితే హైపో బలం ఆ మురికి మీదే ఖర్చైపోతుంది. పొద్దున కలిపిన టబ్బు మధ్యాహ్నానికి ఉత్త నీళ్లే.

ఇప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. ఆయమ్మ కాలితో పెడల్ తొక్కుతుంది, తలుపు ముందుకు వాలుతుంది. తలుపు లోపలివైపు స్టీలు కమ్మీల స్టాండు. నిండుగా ఉన్న పాన్‌ని ఉన్నపళంగా దాంట్లో కూర్చోబెట్టి, మూత పక్క క్లిప్పుకి, యూరినల్‌ని మూతి కిందికి వచ్చేలా పొడుగాటి పైపు మీద తగిలిస్తుంది. తలుపు మూసుకుంటూ పైకి లేస్తుంటే పాన్ దానంతటదే వొంగి లోపలే ఖాళీ అవుతుంది. ఠక్కున లాక్ పడ్డాకే నీళ్లు మొదలవుతాయి. ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు, ఆఖరికి ఆవిరి. మామూలు ప్రోగ్రామ్ ఏడెనిమిది నిమిషాలు. ముందే వేడినీళ్లు ఎందుకు కొట్టదని నేనే అడిగాను. గుడ్డు సొన పెనానికి అంటుకున్నట్టు, మలంలో, రక్తంలో ఉన్న ప్రొటీన్ వేడికి గట్టిపడి స్టీలుని పట్టుకుంటుందట. అది విన్నాక రక్తపు మరకల మీద వేడినీళ్లు పోసే మా వాళ్లని ఇంకోసారి అరిచాను.

ఈ మిషన్‌కి అన్నిటికంటే పెద్ద శత్రువు మన మంచి అలవాటే. మా పెద్ద ఆయమ్మకి ఇరవై ఏళ్ల సర్వీసు. మిషన్ వచ్చిన నెల తర్వాత కూడా పాన్‌ని కమోడ్‌లో వంచి, ఫాసెట్‌తో శుభ్రంగా కడిగి, అప్పుడు తెచ్చి మిషన్‌లో పెట్టేది. ఎందుకమ్మా అంటే "గట్ల మురికిది మిషన్ల పెడితే పాడైతది కద సిస్టరమ్మా, లక్షలు పెట్టి తెచ్చిండ్రు" అంది. ఆమెది పొదుపే, తప్పేమీ లేదు. కానీ మిషన్ కొన్నదే ఆ తుంపర్లు తప్పించడానికి. చేత్తో ఒకసారి కడిగితే ఇక మిషన్ ఎందుకు? ఆమెని పక్కన నిలబెట్టి నిండు పాన్ నేనే పెట్టి, తలుపు తెరుచుకున్నాక తళతళలాడే పాన్ చూపించాను. అప్పుడు గానీ నమ్మలేదు. ఇప్పుడు కొత్త ఆయాలకి ట్రైనింగ్ ఇచ్చేది ఆమే. కంపెనీ వాళ్ల డెమో కంటే నయం.

ఇక లెక్క. కొనేవాళ్లకి ఇది తెలియకపోతే సేల్స్‌మన్ ఏం చెప్పినా తలూపాల్సిందే. ఈ రకం మిషన్లకి ఐఎస్ఓ 15883 అనే ప్రమాణం ఉంది. దాని మూడో భాగం మలమూత్రాల పాత్రలని వేడితో డిస్‌ఇన్ఫెక్ట్ చేసే మిషన్ల కోసమే. అందులో ఏ జీరో అనే కొలత వాడతారు. ఎంత వేడి ఎంతసేపు తగిలిందో కలిపి చెప్పే అంకె అది. 80 డిగ్రీలు ఒక నిమిషం తగిలితే ఏ జీరో 60. అదే నిమిషం 90 డిగ్రీలైతే 600. పది డిగ్రీలు పెరిగితే పదింతలు, అంతే సూత్రం. బెడ్‌పాన్‌కి కనీసం 60 రావాలి. మేం మా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ పట్టుబట్టడంతో 600కి సెట్ చేయించుకున్నాం. సైకిల్ కాస్త పొడుగైంది, కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, నాకు మాత్రం రాత్రి డ్యూటీలో టెన్షన్ తగ్గింది. కొనేటప్పుడు "ఏ జీరో ఎంత? డిస్‌ప్లేలో చూపిస్తుందా? ప్రింటు వస్తుందా?" అని అడగండి. "ఫుల్ హాట్ వాటర్ మేడం" అని జవాబొస్తే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి.

పచ్చ లైటు వెలిగిందంటే ప్రోగ్రామ్ సరిగా ముగిసిందనే అర్థం. పాన్ ఎలా పెట్టారో దానికి తెలియదు. ఒకదాని మీద ఒకటి రెండు పాన్‌లు ఇరికించినా పచ్చ లైటే వస్తుంది, కానీ మధ్యలో నీళ్లు తగలని చోటు అలాగే ఉంటుంది. రాత్రి మూడింటికి తొందరలో మా స్టాఫ్ అలా పెట్టిన పాన్ తీసి చూస్తే అడుగున గోధుమరంగు చార. అప్పట్నుంచి బయటికి తీసిన ప్రతి వస్తువునీ ట్యూబ్‌లైటు కిందకి తెచ్చి చూసి గానీ ర్యాక్‌కి తగిలించరు. చార కనబడితే మళ్లీ లోపలికే. గోటితో గీకడం, స్క్రబ్బర్‌తో రుద్దడం లేదు.

గ్లోవ్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మురికి పాన్ పెట్టిన గ్లోవ్స్‌తోనే కడిగిన పాన్ తీస్తే మొత్తం శ్రమ వృథా. పెట్టాక గ్లోవ్స్ తీసి, చేతులు కడుక్కుని, తీసేటప్పుడు కొత్త గ్లోవ్స్. కాలి పెడల్ ఉన్న మోడల్ తీసుకోమని నేను మొండికేసింది ఇందుకే. చేత్తో హ్యాండిల్ తిప్పే చవక మోడల్‌లో ఆ హ్యాండిల్ మీద ఏముంటుందో ఆలోచించండి.

మిషన్‌లో ఏం వేయకూడదో తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. వైప్స్, గ్లోవ్స్, డైపర్లు, ప్యాడ్లు వద్దు. ఒకే ఒక్క వెట్ వైప్ ట్రాప్‌లో చుట్టుకుని మా మిషన్ ఒకరోజంతా ఆగిపోయింది. పేషెంటు అటెండెంటు పాన్‌లో పడేసింది, ఆయమ్మ చూసుకోలేదు. పల్చటి ప్లాస్టిక్ పాన్‌లు ఆ వేడికి అప్పడంలా వొంకర తిరుగుతాయి. స్టీలువో, వేడికి తట్టుకునే పాలీప్రొపిలీన్‌వో ఉండాలి. వాంతి పట్టే కిడ్నీ ట్రేలు, కమోడ్ చైర్ బకెట్లు వేయొచ్చు. డ్రెస్సింగ్ ఫోర్సెప్స్, కత్తెరలు మాత్రం ఇందులో కాదు, అవి సీఎస్ఎస్‌డీకి, అంటే పరికరాలని స్టెరిలైజ్ చేసే విభాగానికి పోవాలి. ఒక హౌస్ సర్జన్ బాబు "సిస్టర్, ఇందులో స్టెరైల్ అయిపోతుంది కదా" అని ఆర్టరీ ఫోర్సెప్ తెచ్చాడు. డిస్‌ఇన్ఫెక్షన్ వేరు నాయనా, స్టెరిలైజేషన్ వేరు, మొదటిది క్రిముల్ని చాలావరకే చంపుతుంది, రెండోది ఒక్కటి కూడా మిగల్చదు అని చాయ్ తాగుతూ పాఠం చెప్పాను.

క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో విరేచనాలయ్యే పేషెంటు వచ్చినప్పుడూ ఇదే తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆ బ్యాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని విత్తనాల్లాంటి స్పోర్లుగా మారుతుంది, అవి ఈ వేడికి చావవు. నీటి వేగానికి చాలావరకు కొట్టుకుపోతాయి, అంతే. అలాంటి పేషెంటుకి విడిగా ఒక పాన్ పెడతాం, పెద్ద ప్రోగ్రామ్ వేస్తాం, చేతులు సబ్బూ నీళ్లతోనే కడుక్కుంటాం. హ్యాండ్ రబ్ ఆ స్పోర్ల మీద పనిచేయదు.

ఇప్పుడు భయపడిన రోజు గురించి. నాలుగో నెల. మిషన్ పక్కన ఒక క్యాన్‌లో డీస్కేలర్ ఉంటుంది, సున్నం పట్టకుండా మిషన్ దానంతటదే కొంచెం కొంచెం తీసుకుంటుంది. అది ఆమ్లం. లోపల వాసన వస్తోందని కొత్త ఆయా తలుపు తెరిచి, చాంబర్‌లో మగ్గుడు హైపో పోసింది. రెండు నిమిషాల్లో ఆ గదిలోంచి ఘాటు. "సిస్టరమ్మా, కండ్లు మండుతున్నయ్, ముక్కులకెల్లి నీళ్లు కారుతున్నయ్" అని పరుగెత్తుకొచ్చింది. ఆమ్లం, హైపో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గది తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఆన్ చేయించి, ఆమెని కిందికి క్యాజువాలిటీకి పంపాను. సాయంత్రానికి తేరుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. తప్పు ఆమెది కాదు. ఇరవై ఏళ్లుగా ప్రతిదానికీ హైపో పోయమని నేర్పింది మేమే. మిషన్ అమ్మినవాళ్లు ఇంగ్లీషు మాన్యువల్ ఇచ్చి వెళ్లారు, క్యాన్ మీద హెచ్చరిక కూడా ఇంగ్లీషే. ఇప్పుడు ఆ గదిలో హైపో సీసానే ఉండదు. చాంబర్ స్టీలుకి కూడా హైపో మంచిది కాదు, సన్న సన్న గుంటలు పడి తుప్పు మొదలవుతుంది.

నీళ్ల దగ్గర మాత్రం మేం గట్టిగానే దెబ్బతిన్నాం. ఎండాకాలం మా ఆసుపత్రికి సగం ట్యాంకర్లే, అంటే బోరు నీళ్లే. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన సున్నంలాంటి లవణాలు) లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా సరే, వేరే గతి లేకపోతే 600. తాగడానికి చెల్లే నీళ్లు స్టీమ్ జనరేటర్‌కి చెల్లవు. ఏప్రిల్‌లో సైకిల్ పన్నెండు నిమిషాలైంది, తర్వాత పదిహేను, తర్వాత ఎర్ర లైటు. ఇంజనీరు వచ్చి నాజిల్ విప్పి అరచేతిలో తట్టాడు. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గారలాంటి పెచ్చులు రాలాయి. హీటర్ మీద ఇంకా మందంగా ఉంది. "నీళ్లే మేడం, మా మిషన్ తప్పేం లేదు" అన్నాడు. నీళ్లలో ఆ సున్నాన్ని తీసేసే సాఫ్ట్‌నర్ తప్పనిసరి అని అమ్మేటప్పుడు ఎవరూ నోరు విప్పలేదు, కొటేషన్‌లోనూ లేదు. వారంటీలో అది రాదన్నారు. తొమ్మిది రోజులు మిషన్ మూత, మళ్లీ ఫాసెట్టు, మళ్లీ టబ్బు. ఆ తొమ్మిది రోజులకే మా ఆయాలు ముఖాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు సాఫ్ట్‌నర్ పెట్టాం. దానికి ఉప్పు వేయడం ప్లంబింగ్ వాళ్ల పని, వేశారో లేదో టెస్ట్ కిట్‌తో సోమవారం సోమవారం చూడటం నా పని.

ఎర్ర లైటు వచ్చినప్పుడు లోపలున్నదంతా మురికిదే అని లెక్క, పైకి ఎంత తళతళలాడినా. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు మా మిషన్ ఆగిపోతుంది, తలుపు లాక్‌లోనే ఉంటుంది. కరెంటు రాగానే మొదటి నుంచి మళ్లీ తిప్పుతాం. ఎమర్జెన్సీ తాళం ఒకటి ఇచ్చారు, అది నా బీరువాలో ఉంది. మొదట్లో అది గోడకే వేలాడేది. ఒక వార్డ్ బాయ్ తొందరపడి తెరిస్తే ఆవిరి చేతికి తగిలింది. బొబ్బ లేచి వారం ఉంది.

మా మేనకోడలు ఇంగ్లండ్‌లో నర్సు. వాళ్ల దగ్గర కాగితం గుజ్జుతో చేసిన పాన్‌లు ఒకసారి వాడి, మాసరేటర్‌లో వేసి నుజ్జు చేసి డ్రైనేజీలోకి పంపిస్తారట. "అత్తా, కడిగే గొడవే లేదు" అంటుంది. వినడానికి బాగుంది. రోజుకి ఎన్ని పాన్‌లు కొనాలో, మన డ్రైనేజీ పైపులకి ఆ గుజ్జు ఏమవుతుందో తలుచుకుంటే మాకు ఇదే నయం.

కొనాలా వద్దా అంటే, ఇరవై పడకలు దాటి, మంచాన పడినవాళ్లు ఎక్కువగా ఉండే వార్డుకి కొనండి. అయిదు మార్కులకి నాలుగు ఇస్తాను మిషన్‌కి. సర్వీసుకి రెండే. ఫోన్ చేస్తే రేపంటారు, రేపు చేస్తే ఇంజనీరు విజయవాడలో ఉన్నాడంటారు. ఏడాదికోసారి లోపల సెన్సర్లు పెట్టి వేడి సరిగా అందుతోందో లేదో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే పని ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. మాకు లేదు, విడిగా కట్టాం. పది పడకల నర్సింగ్ హోమ్‌కైతే సాఫ్ట్‌నర్, మూడు ఫేజుల కరెంటు, ఏఎంసీ అన్నీ కలిపితే భారమే.

ఇంకో చిన్న విషయం, దీన్ని ఎవరూ చెప్పరు. మా మిషన్ తలుపు వాలితే గది తలుపు సగమే తెరుచుకుంటుంది. నిండు పాన్ పట్టుకుని పక్కకి ఒరిగి లోపలికి వెళ్లాలి. రోజుకి ముప్పై నలభై సార్లు. వచ్చే నెల ఐసీయూకి రెండో మిషన్ వస్తోంది. నిన్న మధ్యాహ్నం పెద్ద ఆయమ్మని ఖాళీ పాన్‌తో ఆ గదిలో నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, మిషన్ ఎక్కడుండాలో నేల మీద చాక్‌పీసుతో గీసి వచ్చాను.