ఫేజ్ సెపరేషన్ డేటాబేసులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కణంలో కొన్ని ప్రొటీన్లు చుట్టూ పొరంటూ ఏదీ లేకుండానే, చారు మీద నూనె చుక్కల్లా విడిగా పోగవుతాయి, దీన్నే ఫేజ్ సెపరేషన్ అంటారు. ఆ ప్రొటీన్ల జాబితాలతోనే కొన్నేళ్లుగా నా పని. ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చిన జూనియర్లందరూ "అన్నా, వీటిలో ఏది వాడాలి?" అని అడుగుతుంటారు, అందుకే ఒకేసారి రాసి పడేస్తున్నాను.

2020లో న్యూక్లియిక్ ఆసిడ్స్ రీసెర్చ్ జర్నల్ డేటాబేస్ సంచికలో ఫాసెప్‌డీబీ, ఫాసెప్రో, ఎల్‌ఎల్‌పీఎస్‌డీబీ, డాక్టర్‌ఎల్‌ఎల్‌పీఎస్ నాలుగూ కలిసి వచ్చాయి. పేర్లు ఒకేలా ఉన్నాయని నాలుగింటినీ కలిపేసి "ఫేజ్ సెపరేషన్ ప్రొటీన్లు" అని ఒక షీట్ చేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. డాక్టర్‌ఎల్‌ఎల్‌పీఎస్ మొదటి విడతలో స్కాఫోల్డులు (చుక్కను కట్టేవి) 150, రెగ్యులేటర్లు (దాన్ని అదుపు చేసేవి) 987, క్లయింట్లు (అందులో చేరేవి) 8,148. అంటే జాబితాలో దాదాపు తొంభై శాతం క్లయింట్లే, అవి చుక్కలో కనిపించాయనో కనిపించే అవకాశం ఉందనో చేర్చినవి, అంతే తప్ప తామే చుక్కను కట్టేవి కావు. తేడా పట్టించుకోకుండా ఈ జాబితాతో కంప్యూటర్ మోడల్‌కి ట్రైనింగ్ ఇస్తే అది ఏం నేర్చుకుంటుందో ఊహించుకోండి.

నేను ముందు తెరిచేది ఫాసెప్రో. మొదట్లో అందులో ఉన్నది 121 ప్రొటీన్లే, కానీ చుక్కను నడిపించేవాటినే ఏరి పెట్టారు. ఏ భాగం వల్ల జరుగుతోంది, ఆర్‌ఎన్‌ఏ కావాలా, ఇంకో ప్రొటీన్ తోడు కావాలా, ఏ ప్రయోగంతో తేల్చారు అన్నవి ఎంట్రీలోనే ఉంటాయి. చిన్న జాబితా అని ముఖం చిట్లించకండి, నమ్మకం ఇక్కడే.

టెస్ట్‌ట్యూబ్ వివరాలకైతే ఎల్‌ఎల్‌పీఎస్‌డీబీకి సాటి లేదు. ప్రొటీన్ గాఢత, ఉప్పు, పీహెచ్, ఉష్ణోగ్రత, పీఈజీ లాంటి క్రౌడింగ్ ఏజెంట్ (కణంలోని ఇరుకును అనుకరించే పదార్థం) కలిపారా లేదా, ఇవన్నీ ఉంటాయి. ఎఫ్‌యూఎస్ అని కొట్టి చూడండి, ఒకే ప్రొటీన్‌కి ఎన్నో వరుసలు వస్తాయి, పరిస్థితి మారితే ఫలితమూ మారుతుంది. "ఎఫ్‌యూఎస్ ఫేజ్ సెపరేట్ అవుతుంది" అని ఒక్క ముక్కలో రాసే అలవాటు అక్కడితో పోతుంది. గాఢంగా క్రౌడింగ్ ఏజెంట్ పోస్తే చుక్కలు కట్టే ప్రొటీన్లు చాలానే ఉన్నాయి, కణంలో కట్టేవి వేరు.

అసలు తలనొప్పి ఐడీలది. టీడీపీ-43 ప్రొటీన్ కోసం ఆ పేరుతోనే వెతకకండి, జీన్ పేరు టీఏఆర్‌డీబీపీ, యూనిప్రాట్ (ప్రొటీన్ సీక్వెన్సుల డేటాబేస్) ఐడీ క్యూ13148తో వెళ్లండి. హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీఏ1 ప్రొటీన్ ఇంకా తమాషా: యూనిప్రాట్‌లో ప్రధాన సీక్వెన్స్ 372 అమినో ఆమ్లాలది, ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 320ది. అందుకే వ్యాధి మ్యుటేషన్ ఒక పేపర్లో డీ262వీ (262వ స్థానంలో డీ అమినో ఆమ్లం బదులు వీ), ఇంకోచోట డీ314వీ. రెండూ ఒకటే, 52 తేడా. ఏ ఐసోఫామో (అదే ప్రొటీన్ ఏ రూపమో) చూడకుండా భాగాల హద్దులు కాపీ చేస్తే మీరు కోసిన ముక్క వేరే చోట పడుతుంది.

2023లో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన సీడీ-కోడ్ డేటాబేస్ కొంచెం వేరే రకం. అది కండెన్సేట్ (ఆ చుక్క) వైపు నుంచి మొదలవుతుంది: న్యూక్లియోలస్, స్ట్రెస్ గ్రాన్యూల్, వాటిలో ఎవరెవరు. పరిశోధకులు తామే ఎంట్రీలు చేర్చవచ్చు, ఎంత నమ్మచ్చో స్కోరు కూడా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, బోధనకి ఇదే వాడతాను. ఫాసెప్‌డీబీ కూడా పర్లేదు, ఏ ఆధారం నుంచి ఏ ఎంట్రీ వచ్చిందో విడివిడిగా పెట్టారు, హై త్రూపుట్ (ఒకేసారి ఎన్నో ప్రొటీన్లను కొలిచిన) భాగాన్ని మాత్రం పక్కన పెట్టేస్తాను.

నా పెద్ద ఫిర్యాదు ఇంకా అలాగే ఉంది: "ప్రయత్నించాం, కాలేదు" అన్న ఫలితాలు ఎక్కడా సరిపడా లేవు. దాంతో జనం నెగటివ్ సెట్ (ఫేజ్ సెపరేట్ కానివాటి జాబితా) కోసం, ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీలోని చక్కగా మడతపడిన ప్రొటీన్లను తెచ్చి పెడతారు, మోడల్ ఏమో మడత లేనివాటిని గుర్తుపట్టడం నేర్చుకుని ఫేజ్ సెపరేషన్ కనిపెట్టానంటుంది. రివ్యూవర్లు కూడా దీన్ని వదిలేస్తున్నారు, అదే వింత.

ఇంకో మాట. అకడమిక్ సైట్లు ఎప్పుడు తెరుచుకోవో ఎవరూ చెప్పలేరు. ఒకటి నా థీసిస్ మధ్యలో వారాల తరబడి తెరుచుకోలేదు. డౌన్‌లోడ్ ఫైలు దొరికిన రోజే దించుకుని, ఫైలు పేరులో వెర్షన్, తేదీ రాసి పెట్టుకోండి.