జనరేటరా, సోలారా, 'బ్యాండ్ ఎ' కరెంటా? లాగోస్‌లో ఏది మేలు?

నైజీరియాలోని లాగోస్‌లో నలుగురు స్నేహితులు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి కరెంటు దగ్గరికే వస్తుంది. టమాటాలతో వండే జొలోఫ్ రైస్ నైజీరియాది గొప్పా, ఘనాది గొప్పా అని గొంతు చించుకునేవాళ్ళు కూడా ఫ్యాన్ ఆగగానే ఒక్కటైపోతారు. "తీసేశారు" అంటాడొకడు. ఎవరు తీసేశారని అడగక్కర్లేదు. నేపా. నిజానికి నేపా అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థ 2005లోనే పవర్ హోల్డింగ్ కంపెనీ ఆఫ్ నైజీరియా, అంటే పీహెచ్‌సీఎన్‌గా మారింది. ఆ అక్షరాలకు జనం 'ప్రాబ్లమ్ హాజ్ చేంజ్డ్ నేమ్' అని అర్థం చెప్పుకున్నారు. 2013లో దాన్నీ ముక్కలు చేసి ప్రైవేటుకిచ్చారు. అయినా సరే, కరెంటు వచ్చిందంటే ఆ తర్వాత పుట్టిన పిల్లలు కూడా కాంపౌండ్ దద్దరిల్లేలా "అప్ నేపా!" అని అరుస్తారు.

20 కోట్లు దాటిన జనాభాకు ఇక్కడి గ్రిడ్ మామూలుగా ఇచ్చేది నాలుగైదు వేల మెగావాట్లు. ఒక్క తెలంగాణ పీక్ డిమాండే 15 వేలు దాటింది, ఇక మీరే ఊహించుకోండి. పైగా 2024లో ఆ గ్రిడ్ ఎన్నోసార్లు కుప్పకూలింది. అందుకే ఇక్కడ ప్రతి ఇంటాయనా తన ఇంటికి తనే విద్యుత్ బోర్డు చైర్మన్.

మా స్నేహితుల్లో ఈ విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో మతం. బ్యాంకులో పనిచేసేవాడు జనరేటర్ భక్తుడు. స్కూలు టీచరు రోజుకు కనీసం 20 గంటలు కరెంటిస్తామనే 'బ్యాండ్ ఎ' వీధికి ఇల్లు మారింది. అలాబా మార్కెట్లో ఎలక్ట్రానిక్స్ దుకాణమున్న ఇబో తెగ మిత్రుడికి సోలార్ తప్ప లోకం లేదు, పైగా అది అతని వ్యాపారం. నేను సుయా (మసాలా పట్టించి కాల్చిన మాంసం) నములుతూ వింటూంటాను.

ముందు జనరేటర్. చేత్తో పట్టుకెళ్ళగలిగే ఆ బుల్లి యంత్రానికి జనం పెట్టిన పేరు 'ఐ బెటర్ పాస్ మై నైబర్', అంటే పక్కింటివాడికంటే నేనే నయం అని. వాడింట్లో చీకటి, మనింట్లో బల్బు, అంతకంటే ఏం కావాలి? శక్తి మాత్రం వెయ్యి వాట్ల లోపే. టూ స్ట్రోక్ ఇంజన్, మన పాత చేతక్ స్కూటర్‌కు పోసినట్టే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఫ్యాన్, టీవీ, నాలుగు బల్బులు, ఫోన్ ఛార్జర్లు లాగుతుంది. ఇస్త్రీ పెట్టె తగిలిస్తే గుడ్లు తేలేస్తుంది.

బ్యాంకు మిత్రుడు దాన్ని స్టార్ట్ చేయడం చూసి తీరాలి. లుంగీ ఎగ్గట్టి, చోక్ పెట్టి, ఒక కాలితో తొక్కిపట్టి తాడు లాగుతాడు. అది దగ్గుతుంది. మళ్ళీ లాగుతాడు. ఈసారి దగ్గు కూడా రాదు. స్పార్క్ ప్లగ్ విప్పి, బనీను అంచుతో తుడిచి, ఉఫ్ఫని ఊది బిగిస్తాడు. పిల్లలు చుట్టూ చేరి సలహాలిస్తారు. చెమటలు ధారకట్టాక అది ఎట్టకేలకు బర్రుమని అందుకుంటుంది. సరిగ్గా అప్పుడే వీధి చివర నుంచి "అప్ నేపా!" ఇంత కష్టపడ్డాక ఆపబుద్ధి కాదు, ఆపకపోతే పెట్రోలు దండగ, ఆపితే పది నిమిషాల్లో కరెంటు మళ్ళీ పోతుంది. ఆ సందిగ్ధంలో అతను నిలబడిన తీరు చూస్తే జాలీ నవ్వూ ఒకేసారి వస్తాయి.

ఖర్చు సంగతి వేరే కథ. 2023 మే 29న కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే పెట్రోలు సబ్సిడీ పోయిందన్నారు. అప్పటిదాకా లీటరు 200 నైరాల (నైజీరియా కరెన్సీ) లోపే ఉన్న పెట్రోలు మరుసటేడాది చివరికి వెయ్యికి అటూ ఇటూ పలికింది. ఈ బుల్లి జనరేటర్ లీటరు తాగి ఒక యూనిట్ కరెంటు ఇస్తే గొప్ప. అంటే యూనిట్ వెయ్యి నైరాలు. ఈ లెక్క కాగితం మీద వేసి బ్యాంకు మిత్రుడికి చూపించాను.

"బ్యాండ్ ఎ కరెంటుకు కంపెనీవాళ్ళు యూనిట్‌కు 225 అడిగితే దోపిడీ అన్నావు. నువ్వు వెయ్యి పెడుతున్నావు కదా?"

"మై బ్రదర్, పెట్రోలు నేను కొంటాను, నా ఇష్టం. బిల్లు వాళ్ళు పంపుతారు, వాళ్ళ ఇష్టం."

తీసిపారేయాల్సిన మాట కాదిది. మీటరు లేని ఇళ్ళకు అంచనా మీద బిల్లు వేయడం ఇక్కడ పాత జబ్బు. నెలంతా చీకట్లో కూర్చున్నా బిల్లు మాత్రం దేదీప్యమానంగా వెలిగిపోతూ వస్తుంది. దానికంటే ఈ రోజు రెండు లీటర్లు, రేపు డబ్బుంటే మరో రెండు అనుకోవడం చేతికి అందే పని.

జనరేటర్ విషయంలో నవ్వులాట పనికిరాని సంగతి ఒకటుంది. దొంగల భయంతోనో వాన వల్లనో దాన్ని వరండాలో, కారిడార్లో పెట్టి నిద్రపోయేవాళ్ళున్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కుటుంబాలకు కుటుంబాలే తెల్లారేసరికి లేవకుండా పోయిన వార్తలు ఇక్కడ తరచూ చదువుతాం.

ఇక బ్యాండ్ ఎ. కరెంటు ఎన్ని గంటలిస్తారన్న దాన్ని బట్టి వినియోగదారులను ఎ నుంచి ఇ దాకా విడగొట్టారు. ఎ అంటే రోజుకు కనీసం 20 గంటలు, అట్టడుగున ఇ అంటే 4 గంటలు. 2024 ఏప్రిల్‌లో ఎ వాళ్ళకు మాత్రం యూనిట్ 68 నైరాల నుంచి ఒక్కసారిగా 225కు పెంచారు, తర్వాత కాస్త తగ్గించారు. ఇప్పుడు అద్దె ఇళ్ళ ప్రకటనల్లో నీళ్ళు, గేటుతో పాటు 'బ్యాండ్ ఎ' అని కూడా గొప్పగా రాస్తున్నారు.

మా టీచరును అందరం 'మేడమ్ బ్యాండ్ ఎ' అంటాం. ఆవిడ ప్రీపెయిడ్ మీటరులో 20 అంకెల టోకెన్ కొట్టి, ఆ అంకెలు కరిగిపోతుంటే చూస్తూ కూర్చుంటుంది. "ఇదివరకు కరెంటు రావడం లేదని ఏడ్చాను, ఇప్పుడు పోవడం లేదని ఏడుస్తున్నాను" అంది ఒకసారి. రాత్రి ఫ్రిజ్ ఆపేస్తుంది. నేపా చేసిన పని ఇప్పుడు తనే చేసుకుంటోందని బ్యాంకువాడి వెక్కిరింపు. కానీ ఎగూసి (పుచ్చ జాతి గింజల) సూప్ వారానికి సరిపడా వండి ఫ్రీజర్లో పెట్టుకునేది, రాత్రి హాయిగా నిద్రపోయేది మా అందరిలో ఆవిడొక్కతే. ఉన్నమాట చెప్పుకోవాలి.

సోలార్ సంగతికొస్తే అలాబా మిత్రుడి దగ్గర తయారుగా ఒక ఉపన్యాసం ఉంటుంది. 2024 జూన్‌లో కార్మిక సంఘాలు సమ్మె చేసి ఏకంగా జాతీయ గ్రిడ్‌నే ఆపేశాయి. అప్పటినుంచి అందులో కొత్త వాక్యం చేరింది.

"సూర్యుడికి యూనియన్ లేదు, సమ్మె చెయ్యడు."

"మరి జులై వానల్లో వారాల తరబడి చేసేదేమిటి?" అన్నాడు బ్యాంకువాడు.

"అది క్యాజువల్ లీవ్."

"డిసెంబరులో?"

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలికి ప్యానెళ్ళ మీద పౌడరు రాసినట్టు పొర కడుతుంది. తుడవాలి. తుడిస్తే పనిచేస్తాయి, పెద్ద వహాలా (తలనొప్పి) కాదు. అసలు ఇబ్బంది ధర. 2023 మధ్యలో డాలరుకు 460 నైరాలుండేవి, 2024లో 1500 దాకా పోయాయి. ప్యానెళ్ళు, బ్యాటరీలు, ఇన్వర్టర్లు దాదాపు అన్నీ దిగుమతి సరుకే. (మన లూమినస్ బోర్డులు ఇక్కడి దుకాణాల మీద కనబడితే ప్రాణం లేచొస్తుంది, ధర వింటే మళ్ళీ కూర్చుంటుంది.) లాగోస్‌లో ఏడాది అద్దె ముందే కట్టించుకునే ఇంటి యజమానులే ఎక్కువ. ఆ దెబ్బకు చేతిలో మిగిలేది లీటర్ల చొప్పున పెట్రోలు కొనుక్కునే డబ్బే. దీర్ఘకాలంలో సోలారే చవకని బ్యాంకువాడికి తెలియక కాదు, అతను బ్యాంకులో చేసేదే లోన్ల పని. పెట్రోలు లీటరు చొప్పున దొరుకుతుంది, సోలార్ అలా దొరకదు.

ప్యానెళ్ళు లేకుండా ఇన్వర్టర్ ఒక్కటే కొనేవాళ్ళకూ ఒక మాట. నాలుగు గంటలే కరెంటొచ్చే బ్యాండ్ ఇ వీధిలో ఆ బ్యాటరీ సగం కూడా నిండదు. అర్ధాకలితో పనిచేయించి, తొందరగా పోయిందని దుకాణదారుణ్ణి తిట్టి లాభం లేదు.

మూడూ కాదనుకుంటే నాలుగో దారి ఉంది, స్నేహితుడి ఇల్లు. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా కప్ ఫైనల్ రోజు అందరం అలాబా మిత్రుడి ఇంట్లోనే. నైజీరియా ఐవరీ కోస్ట్ చేతిలో 2-1తో ఓడింది. "కరెంటు పోలేదు, కప్పు పోయింది. నా జనరేటర్ దగ్గర చూసుంటే రెండో గోలుకు ముందే ఆగిపోయి ఆ బాధ తప్పేది" అన్నాడు బ్యాంకువాడు.

నన్నడిగితే, బ్యాండ్ ఎ వీధిలో ఉన్నవాళ్ళు ప్యానెళ్ళ జోలికి పోకుండా చిన్న ఇన్వర్టర్, మంచి లిథియం బ్యాటరీ పెట్టుకుంటే ఆ మిగతా నాలుగు గంటలు గడిచిపోతాయి. సొంతిల్లు ఉండి కరెంటు అరకొరగా వచ్చేవాళ్ళకు సోలార్‌కు మించింది లేదు, అప్పు చేసైనా సరే. ఒకే గదిలో అద్దెకుంటూ, గదుల వరసలు ఎదురెదురుగా ఉండే 'ఫేస్ మీ ఐ ఫేస్ యూ' ఇళ్ళలో బతికేవాళ్ళకు బుల్లి జనరేటర్ ఇప్పట్లో తప్పదు. కాకపోతే దాన్ని ఆరుబయట, కిటికీలకు దూరంగా పెట్టి, పడుకునేముందు ఆపేయాలి. రాత్రికి బ్యాటరీతో తిరిగే రీఛార్జబుల్ ఫ్యాన్ చాలు. ఎవరూ పొగడని ఆ ఫ్యానే లాగోస్ అద్దె గదుల్లో ఎందరినో నిద్రపుచ్చుతోంది.

ఈ తీర్పు వినగానే అలాబా మిత్రుడు, "ఫ్యాన్ కూడా నా దగ్గరే ఉంది, నీకు స్పెషల్ రేటు" అన్నాడు. మేడమ్ బ్యాండ్ ఎ గ్యారంటీ కాగితం అడగమని నాకు సైగ చేసింది. బ్యాంకువాడు మాత్రం లొంగలేదు.

"రేపు సోలార్ పెట్టించినా నా జనరేటర్ అమ్మను."

"ఎందుకు?"

"సోలార్ పాడైతే మెకానిక్ వచ్చేదాకా మీరంతా ఎవరింటికొస్తారు?"