వాటర్ హీటర్ రాడ్‌కి వంక లేదు, వంకంతా ప్లగ్గుదే

బకెట్‌లో పెట్టుకునే 1500 వాట్ల రాడ్ గురించి రాయడానికి ఏముంటుంది? కాయిల్, హ్యాండిల్, వైరు, అంతే కదా. మా ఇంట్లో ఇది దీపావళి దాటాక అటక మీంచి దిగుతుంది, శివరాత్రికి మళ్లీ అటకెక్కుతుంది. ఆ మధ్యలో ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రిపేరుకు పోలేదు. అందుకే ఎవరడిగినా "కళ్లు మూసుకుని కొనుక్కోండి" అనేదాన్ని. ఇప్పుడూ కొనొద్దని అనను. కాకపోతే కొనేముందు మీ గోడకున్న సాకెట్‌ను ఒకసారి చూసుకోమంటాను.

పోయిన సంక్రాంతి ముందు, రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకు దిగిన రోజుల్లో, ఇంట్లో నీచు వాసన మొదలైంది. పొద్దున కాసేపు వచ్చేది, ఎండెక్కేసరికి పోయేది. మేము చేపలు తినం. నాకు కింది వాటా వాళ్ల మీద అనుమానం. "పొద్దున ఆరింటికి చేపల పులుసు ఎవరు పెడతారే?" అని మా ఆయన. అటక మీద ఎలుక చచ్చిందేమోనని సామానంతా దింపి చూశాం. అత్తయ్య మాత్రం అది బాత్రూం డ్రైనేజీయేనని తేల్చి ఫినాయిల్ పోయించింది. ఇల్లంతా ఫినాయిలూ చేపలూ కలిసిన వాసన, అది ఇంకో నరకం.

చివరికి ఒకరోజు నీళ్లు కాగాక స్విచ్ ఆపి ప్లగ్ తీయబోతే చెయ్యి చురుక్కుమంది. లాగితే రాలేదు. మెయిన్ ఆపేసి మా ఆయన గట్టిగా లాగితే సాకెట్ ముందుభాగం కూడా ప్లగ్‌తో పాటే ఊడొచ్చింది. రెండూ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక్క రంధ్రం చుట్టూ మాత్రం గోధుమరంగు, లోపల బొగ్గు. దాంట్లోకి వెళ్లే ఇత్తడి పిన్ను నల్లబడిపోయింది. పక్క పిన్ను మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. బోర్డు చెక్కది. అది కూడా వెనకవైపు మాడింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు రాడ్‌ని మీటరుతో చూశాడు. "రాడ్‌కేం కాలే అక్కా, మంచిగనే ఉంది. బోర్డే పోయింది" అన్నాడు. నీచు వాసన సంగతి చెబితే నవ్వాడు. స్విచ్‌లు, సాకెట్లు తయారుచేసే ప్లాస్టిక్కుల్లో కొన్ని వేడెక్కితే అచ్చం చేపల వాసనే వస్తుందట. ఎక్కడైనా నీచు వాసన అంటే తను మొదట బోర్డులే తడిమి చూస్తాడట. కింది వాటావిడతో ఇప్పుడు నేను మరీ మరీ బాగా మాట్లాడుతున్నాను, కారణం ఆవిడకు తెలియదు.

నా కోపమంతా ఎంసీబీ మీదకు, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే మెయిన్ బాక్సులోని స్విచ్ మీదకు పోయింది. మా ఓనరు గొప్పగా చూపించే కొత్త బాక్సు అది. ఇంత జరుగుతుంటే ట్రిప్ కాలేదేం? "ఎట్ల అయితది అక్కా? దానికి కరెంటు ఎక్కువ పోతే తెలుస్తది. ఈడ ఎక్కువ పోలే" అన్నాడతను. నాకు సరిగ్గా ఎక్కలేదు. అతను వెళ్లాక మా ఆయన కాగితం మీద లెక్క వేసి చూపిస్తే గానీ అర్థం కాలేదు, అర్థమయ్యాక టెన్షన్ ఇంకా పెరిగింది.

1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మా రాడ్‌కి కంపెనీ బిగించి ఇచ్చింది చిన్న పిన్నుల ప్లగ్. గోడకున్నది 6 ఆంప్స్ చిన్న సాకెట్. సాకెట్ గట్టిగా ఉంటే ఆ అర ఆంపియరుతో కొంప మునగదు. కానీ ఏళ్ల తరబడి వాడేసరికి లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు వదులయ్యాయి. వెనక ఉన్నదేమో పాత అల్యూమినియం తీగ. వేడెక్కుతూ చల్లారుతూ స్క్రూ కింద అది కూడా వదులవుతుంది. అలా ఎక్కడో ఒకచోట అర ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి, ఆ ఒక్క చోటే 21 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ల చేతిలో ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అలాంటిది ఒకటి రోజూ పొద్దున్నే మా గోడలో, ప్లాస్టిక్ డబ్బాలో, చెక్క బోర్డు మీద కాలుతూ ఉందన్నమాట.

అసలు మోసం ఇక్కడుంది. రాడ్ నిరోధం దాదాపు 35 ఓములు. దానికి ఇంకో అర ఓమ్ తోడైతే కరెంటు పెరగదు సరికదా, పిసరంత తగ్గుతుంది. ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యం. అదే బాక్సులో షాక్ కొడితే ఆపే ఆర్‌సీసీబీ కూడా ఉంది. అది వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తుంది. సమానమే, కాబట్టి అదీ కదల్లేదు. నీళ్లు కూడా ఎప్పటిలాగే కాగుతున్నాయి. ముక్కు తప్ప చెప్పేవాళ్లే లేరు. ఆ ముక్కుతో మేము ఎలుకను వెతికాం.

ఇప్పుడు మెయిన్ బాక్సు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంప్స్ పెద్ద సాకెట్ పెట్టించాం. పాతవాళ్లు 15 ఆంప్స్ ప్లగ్ అంటారే, అదే. రాడ్‌కున్న చిన్న ప్లగ్ కోసేసి లావు పిన్నులది వేయించాం. ఖర్చు రాడ్ ధరను మించింది. ఓనరు సగం ఇచ్చాడు, ఆ సగం కోసం మా ఆయన మాడిన బోర్డు పట్టుకెళ్లి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు స్విచ్ ఆపగానే ప్లగ్‌ని ముట్టుకుని చూడటం నాకు అలవాటైపోయింది. రెండు బకెట్లు కాగాక కూడా కాస్త గోరువెచ్చగా ఉంటుందంతే.

రాడ్ సంగతికొస్తే, వంక లేదన్నాను గానీ పూర్తిగా లేదని కాదు. బోరు నీళ్లకు కాయిల్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. పెచ్చు వల్ల నీళ్లు ఆలస్యంగా కాగుతాయని అందరూ అంటారు. మాకైతే తేడా తెలియలేదు. ఆ 1500 వాట్లు ఎటూ పోవు కదా, చివరికి నీళ్లలోకే వస్తాయి. కాకపోతే లోపల కాయిల్ ఎక్కువ వేడెక్కి దాని ఆయుష్షు తగ్గుతుంది, అందుకని నెలకోసారి చింతపండుతో తోముతాను. 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 45కు రావడానికి పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు, అర యూనిట్ కూడా కాలదు. ఆ విషయంలో గీజర్లను దీని ముందు తేలిగ్గానే తీసిపారేస్తాను.

కానీ దీనికి తనంతట తాను ఆగడం తెలియదు. కరెంటు పోయిందని స్విచ్ ఆపకుండా రాడ్ బయటపెట్టి మరిచిపోతే, కరెంటు తిరిగొచ్చాక నీళ్లు లేని కాయిల్ కాసేపట్లోనే ఎర్రబడుతుంది. కింద ప్లాస్టిక్ స్టూలో, పక్కన తువ్వాలో ఉంటే ఇక చెప్పేదేముంది. ఆటో కటాఫ్ ఉన్నవి ఇప్పుడు దొరుకుతున్నాయి, కొత్తగా కొనేవాళ్లు అవే చూసుకోవచ్చు. అయితే అవి నీళ్ల వేడిని చూస్తాయి తప్ప ప్లగ్ వేడిని చూడవు.

మాది అద్దె ఇల్లు, చలి రెండు మూడు నెలలు, పిల్లలు హాస్టల్లో ఉన్నారు, పొద్దున నీళ్ల దగ్గర ఎవరో ఒకరం ఉంటాం. ఇలాంటి ఇంటికి రాడ్ చాలు, నేను దీన్నే వాడతాను. చిన్నపిల్లలో, మతిమరుపున్న పెద్దవాళ్లో ఉంటే గోడకెత్తున బిగించే గీజరే నయం. అది 2000 వాట్లది అయితే లాగేది 8.7 ఆంపియర్లు, కాబట్టి సాకెట్ గొడవ దానితోనూ తప్పదు. వచ్చే ఏడు ఇల్లు మారితే, కొత్తింట్లో గీజర్ ఉంటే, ఈ రాడ్ తనకు పంపమని మా అమ్మ ఇప్పుడే అడిగింది. పంపనన్నాను. ఊళ్లో ఆ ఇంటి బోర్డు ఇంకా నల్ల స్విచ్‌ల పాత చెక్కదే, అది మార్పించడానికి నాన్న ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం.