ప్రీఫోర్క్, ఈవెంట్, ఎంజిన్‌ఎక్స్: పేజీ త్వరగా తెరుచుకోవాలంటే ఏది మేలు?

సర్వర్‌లో టాప్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీ. డేటాబేస్ కూడా తీరిగ్గానే ఉంది. బయట మాత్రం పేజీ తెరుచుకోవడానికి పది పన్నెండు సెకన్లు. మొదటిసారి ఇది ఎదురైనప్పుడు రెండు రోజులు కోడ్‌లోనే వెతికాను. చివరికి పేజీలను అందించే వెబ్ సర్వర్ అపాచీ ఎర్రర్ లాగ్‌లో ఒకే ఒక్క లైను కనిపించింది: మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్, అంటే ఒకేసారి రిక్వెస్టులు తీర్చే వర్కర్ల పరిమితి, నిండిపోయిందని. సర్వర్ స్టేటస్ పేజీ తెరిస్తే వర్కర్ల వరుసలో సగానికి పైగా ‘కె’ అక్షరాలే. అంటే కీప్‌అలైవ్. ఇవ్వాల్సిందంతా ఇచ్చేసి, అదే బ్రౌజర్ ఇంకేమైనా అడుగుతుందేమోనని కాచుకుని కూర్చున్నాయన్నమాట. కొత్తగా వచ్చినవాళ్లేమో గుమ్మం బయటే నిలబడ్డారు.

అపాచీ కనెక్షన్లను నడిపే పాత పద్ధతి ప్రీఫోర్క్ తీరే అది. ఒక కనెక్షన్‌కి ఒక పూర్తి ప్రాసెస్. పీహెచ్‌పీ భాషని అపాచీలోనే కలిపేసే మాడ్ పీహెచ్‌పీ వాడితే ప్రతి ప్రాసెస్ పీహెచ్‌పీ మొత్తాన్నీ మోసుకు తిరుగుతుంది. చిన్న బొమ్మ ఫైలు పంపడానికి కూడా ఆ బరువైన ప్రాసెసే లేవాలి. కీప్‌అలైవ్ టైమౌట్ డిఫాల్ట్ 5 సెకన్లే, కానీ అప్లికేషన్ 200 మిల్లీసెకన్లలో జవాబిస్తుంటే, పని చేసినదానికి పాతిక రెట్ల సేపు ఊరికే కూర్చోవడమే.

లాగ్‌లోని ఆ లైను పక్కనే ‘ఆ సంఖ్య పెంచే ఆలోచన చేయండి’ అని సలహా కూడా ఉంటుంది. దాన్ని గుడ్డిగా పాటించవద్దని బతిమాలుకుంటాను. 4 జీబీ మెమరీ ఉన్న సర్వర్ అనుకుందాం. సిస్టమ్‌కీ డేటాబేస్‌కీ జీబీన్నర పోతే మిగిలేది రెండున్నర. ఒక్కో ప్రాసెస్ 60 ఎంబీ తింటే పట్టేవి నలభై చిల్లర. ప్రీఫోర్క్‌లో డిఫాల్ట్ పరిమితి 256. అన్నీ ఒకేసారి లేస్తే 15 జీబీ కావాలి! అప్పుడు సర్వర్ స్వాప్‌లోకి, అంటే మెమరీ బదులు డిస్క్ వాడుకునే స్థితికి, జారిపోతుంది. ఇక మీరు లాగిన్ అవ్వడం కూడా కష్టమే.

అపాచీ 2.4తో స్థిరపడిన ఈవెంట్ పద్ధతి ఈ కాపలా పనిని వర్కర్ల నెత్తి మీంచి దించేసింది. ఖాళీగా ఉన్న కీప్‌అలైవ్ కనెక్షన్లన్నిటినీ ఒక లిజనర్ థ్రెడ్ (ప్రాసెస్ లోపలే నడిచే తేలికైన పని వరుస) కనిపెట్టుకుని ఉంటుంది. రిక్వెస్ట్ వచ్చినప్పుడే వర్కర్ థ్రెడ్‌కి అప్పగిస్తుంది. థ్రెడ్లతో మాడ్ పీహెచ్‌పీ మామూలుగా పొసగదు కాబట్టి పీహెచ్‌పీని విడి సర్వీసుగా నడిపే ఎఫ్‌పీఎంకి మార్చాలి. మార్చితే ఇంకో లాభం: బొమ్మలూ స్టైల్‌షీట్లూ పంపే పని పీహెచ్‌పీ జోలికే పోదు. ఒకే కనెక్షన్ మీద చాలా ఫైళ్లు ఒకేసారి పంపే హెచ్‌టీటీపీ 2 కూడా దక్కుతుంది, అది ప్రీఫోర్క్‌లో 2.4.27 నుంచే లేదు. ఫోల్డర్లలో అపాచీ నియమాలు రాసి పెట్టుకునే పాత హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు దాదాపు అలాగే నడుస్తాయి. వాటిలో పీహెచ్‌పీ సెట్టింగులు మార్చే పీహెచ్‌పీ వాల్యూ లైన్లు ఉంటే మాత్రం తీసేయండి, లేకపోతే 500 ఎర్రర్ వస్తుంది.

అపాచీకి బదులు వాడే మరో వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ దారి వేరు. ఒకే సర్వర్ పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్న సమస్యకి జవాబుగా ఇగోర్ సిసోయెవ్ రాసి, 2004లో బయటికి విడుదల చేశాడు. ప్రాసెసర్ కోర్‌కి ఒకటి చొప్పున కొద్ది వర్కర్లు, ఒక్కోటీ వేల కనెక్షన్లను చూసుకుంటుంది. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది బఫరింగ్. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న ఫోన్‌లో ఎవరో ఫోటో అప్‌లోడ్ చేస్తున్నారు. ఫైలు పూర్తిగా చేరేదాకా ఎంజిన్‌ఎక్స్ తన దగ్గరే దాచుకుని, మొత్తం వచ్చాకే ఎఫ్‌పీఎం తలుపు తడుతుంది. తిరుగు దారిలోనూ అంతే. పీహెచ్‌పీ ఇచ్చిన జవాబుని గబగబా లాక్కుని, మెమరీ చాలకపోతే తాత్కాలిక ఫైల్లో దించుకుని, పీహెచ్‌పీని వదిలేస్తుంది. ఆ ఫోన్‌కి ముక్కముక్కగా అందించే ఓపిక తనదే. అపాచీ ఈవెంట్ జవాబుని ఇలా పూర్తిగా దించుకోదు. నెమ్మదైన క్లయింట్ల భారం ఎంతో కొంత వెనక్కి తగులుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. హెచ్‌టీయాక్సెస్‌ని ఎంజిన్‌ఎక్స్ చదవదు, పేజీ చిరునామాలు మార్చే రీరైట్ నియమాలన్నీ కూర్చుని మళ్లీ రాసుకోవాలి. అప్‌లోడ్ పరిమితి డిఫాల్ట్‌గా 1 ఎంబీయే. దాన్ని మార్చడం మరిచిపోతే మొదటి పెద్ద ఫోటోకే 413 ఎర్రర్.

రెండింటిలో ఏది ఎంచుకున్నా ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) లెక్క తప్పదు. సెకనుకి 20 రిక్వెస్టులు, ఒక్కోదానికి అర సెకను అయితే ఏ క్షణంలోనైనా పది ప్రాసెస్‌లు పనిలో ఉంటాయి. మామూలుగా వచ్చే ఫైల్లో డిఫాల్ట్ 5. ఎంత మంచి సర్వర్ ముందు పెట్టినా అక్కడే క్యూ పెరుగుతుంది. అదే ఒక క్వెరీ మొరాయించి అర సెకను కాస్తా మూడు సెకన్లయితే అరవై కావాలి, ఇందాకటి మెమరీలో అన్ని పట్టవు. అప్పుడు మందు వెయ్యాల్సింది క్వెరీకే.

నా తీర్పు ఇది. కొత్త అప్లికేషన్ అయితే ఎంజిన్‌ఎక్స్, ఎఫ్‌పీఎం. రెండో మాట లేదు. ఏళ్ల తరబడి పోగుపడిన హెచ్‌టీయాక్సెస్ నియమాలున్న పాత సైటైతే అపాచీలోనే ఉండి ఈవెంట్‌కి మారండి, ఆ ఒక్క మార్పుతోనే చాలా ఊపిరి ఆడుతుంది. ప్రీఫోర్క్‌ని ఈరోజే మార్చే వీల్లేకపోతే కీప్‌అలైవ్‌ని 2 సెకన్లకు తగ్గించి, వర్కర్ల సంఖ్యని మెమరీకి సరిపోయేలా దించి, ఎఫ్‌పీఎంకి మారే తేదీ ఒకటి రాసి పెట్టుకోండి. మారాక నెమ్మదైన రిక్వెస్టులను రాసి పెట్టే ఎఫ్‌పీఎం స్లోలాగ్‌ని 2 సెకన్లకు పెట్టి ఒక వారం చదవండి. ఏ ఫంక్షన్ దగ్గర ప్రాసెస్ ఇరుక్కుపోతోందో లైన్ నంబర్‌తో సహా అందులో పడుతుంది.