జైపూర్, ఉజ్జయిని, ఢిల్లీ: ఏ జంతర్ మంతర్‌కి ఎంత సమయం?

జైపూర్ రాజు సవాయ్ జైసింగ్ కట్టించిన అయిదు జంతర్ మంతర్‌లలో, అంటే ఆకాశాన్ని కొలిచే వేధశాలల్లో, మథురలోది ఇప్పుడు లేదు. కాశీలోది మాన్ మహల్ డాబా మీద ఉంది, దశాశ్వమేధ ఘాట్‌కి వెళ్లినప్పుడు ఓ అరగంట చాలు. పనిగట్టుకుని వెళ్లాల్సింది జైపూర్‌కే.

అక్కడున్న 19 యంత్రాల్లో 27 మీటర్ల సమ్రాట్ యంత్రం అనే పెద్ద నీడ గడియారం దగ్గరే ఎక్కువసేపు ఉండండి. వాలుగోడ కోణం 27 డిగ్రీలు, జైపూర్ అక్షాంశం కూడా అంతే. దాని నీడ సెకనుకి దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది, నిలబడి చూస్తే కంటికే తెలుస్తుంది. గైడ్లు 'రెండు సెకన్ల కచ్చితత్వం' అని ఊదరగొడతారు. గీతలు అంత సన్నవే, కానీ సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి నీడ అంచు కొన్ని సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. సన్నటి పుల్లని గీతలకి సెంటీమీటరు ఎత్తులో, నీడ అంచుకి సమాంతరంగా పట్టుకుని జరుపుతూ పోవాలి. పుల్ల నీడ పెద్ద నీడలో కలిసిపోయిన చోటే అసలు అంచు. గీతల దాకా వెళ్లనివ్వకపోతే లఘు సమ్రాట్ చూడండి. ఆ చిన్న నీడ గడియారం కచ్చితత్వం 20 సెకన్లే అయినా మసక తక్కువ.

చేతి గడియారంతో పోల్చి యంత్రం పాడైందనుకోకండి. అది చూపేది స్థానిక సౌరకాలం. జైపూర్ 75.8 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, మన గడియారాలు నడిచేది 82.5 లెక్కన. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 27 నిమిషాలు కలపాలి. సూర్యుడి నడక ఏడాదంతా ఒకేలా ఉండదు కాబట్టి ఫిబ్రవరి మధ్యలో అయితే ఇంకో 14 కలపాలి, నవంబరు మొదట్లో 16 తీసేయాలి.

జయప్రకాశ యంత్రం ఆకాశాన్ని తిరగేసినట్టు ఉంటుంది. దానిలోని రెండు పాలరాతి గిన్నెల్లో ఒకదాంట్లో రాయి ఉన్నచోట రెండోదాంట్లో ఖాళీ ఉంటుంది, చదివే మనిషి ఆ సందులో నిలబడడానికి. ఇలా పెద్ద కట్టడాలతో ఆకాశాన్ని కొలవడం సమర్‌కండ్‌లో రాజూ ఖగోళవేత్తా అయిన ఉలుగ్ బేగ్ పద్ధతికి వారసత్వం. జైసింగ్ దగ్గరి పండితుడు జగన్నాథ సమ్రాట్ యూక్లిడ్ రేఖాగణితాన్ని అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చాడు. పోర్చుగల్ నుంచి ఫ్రెంచివాడైన లా హైర్ ఖగోళ పట్టికలూ వచ్చాయి.

కాంపోజిట్ టికెట్‌లో జంతర్ మంతర్, హవా మహల్, ఆమేర్ వస్తాయి, సిటీ ప్యాలెస్ రాదు. బస పాత నగరం గోడల లోపలైతే నడిచి వెళ్లొచ్చు, కాకపోతే హారన్ల మోత భరించాలి. వానాకాలం వద్దు, నీడే లేకపోతే చూసేదేముంది?

ఉజ్జయినిలో ఆటోవాళ్లకి 'వేధశాల' అని చెప్పాలి. యంత్రాలు చిన్నవి, జనం తక్కువ, తాపీగా చదువుకోవచ్చు. ఇప్పటికీ ఏటా గ్రహస్థితుల పట్టిక వేస్తారు. శివరాత్రికీ శ్రావణ సోమవారాలకీ మహాకాళేశ్వరుడి దగ్గర గదులు దొరకడం కష్టం.

ఢిల్లీలో చుట్టూ ఎత్తైన భవనాలు, యంత్రాల మీద గీతలు చాలావరకు చెరిగిపోయాయి. ఇంకెక్కడా లేని, కొన్ని యంత్రాలు కలిపి కట్టిన మిశ్ర యంత్రం కోసం గంటసేపు ఆగితే సరి.